తుపాను రాకముందే టెర్రస్ ఎక్కి చూడండి

సంపాదకులకు నమస్కారం.

జపాన్‌లో భూమి కంపించిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ విశాఖ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ‘మన బిల్డింగ్ తట్టుకుంటుందా?’ అని చర్చ మొదలవుతుంది. అడగాల్సిన ప్రశ్నే. కానీ భూకంపాలను తట్టుకునేలా కట్టడాలు ఎలా ఉండాలో చెప్పే 2016 నాటి భారత ప్రమాణం ఐఎస్ 1893 ప్రకారం విశాఖ ఉన్నది రెండో జోన్‌లో. అంటే దేశంలో భూకంప ముప్పు అన్నిటికన్నా తక్కువగా లెక్కగట్టిన ప్రాంతంలో. గాలి లెక్కకొస్తే కథ తిరగబడుతుంది. కట్టడాల మీద పడే భారాల ప్రమాణం ఐఎస్ 875లో మన ఊరికి ఇచ్చిన మూల గాలివేగం (డిజైను లెక్క మొదలుపెట్టే వేగం) సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఇంచుమించు ఆ వేగంతోనే మన మీదుగా పోయింది.

ఆ వేగం దగ్గర గాలి ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతే. 90 కిలోమీటర్ల గాలికి కదలని షెడ్డు 180కి లేచిపోవడానికి కారణం ఇదే. బిల్డింగ్ స్తంభాలకూ స్లాబుకూ ఎవరో ఒక ఇంజినీరు లెక్క వేసి ఉంటాడు. ఆ తర్వాత బట్టలు ఆరేసుకోవడానికనో, మీటింగులకనో టెర్రస్ మీద వేయించిన రేకుల షెడ్డుకు లెక్క ఎక్కడిది? వెల్డింగ్ అతని చేతి అలవాటే దాని డిజైను.

పక్కలు తెరిచి ఉన్న షెడ్డులో గాలి కింద దూరి రేకును పైకి నెడుతుంది, అదే సమయంలో పైనుంచి లాగుతుంది. ఈ లాగుడు అంచుల్లో, మూలల్లో మరీ ఎక్కువ. పనివాళ్లు మాత్రం అన్నిచోట్లా ఒకే వరసన రెండు మూడు ఉబ్బులకొక (రేకు మీది ఎత్తు మడతలకొక) స్క్రూ వేసుకుంటూ పోతారు. చూరు వెంబడీ, మూల రేకుల్లోనూ ప్రతి ఉబ్బుకూ స్క్రూ పడాలి. పాతవైతే ఒక్కో వాషరూ చూడాలి. ఉప్పుగాలికి స్క్రూ తల తుప్పుపట్టి, రబ్బరు వాషరు పగిలి, రేకు రంధ్రం సాగిపోయి ఉంటుంది. తుపాను రోజున స్క్రూ దూలానికే ఉంటుంది, రేకు మాత్రం పక్క వీధిలో తేలుతుంది. తర్వాత వంగి షెడ్డు కాలి కింద ఉండే ఇనుప పలక, అంటే బేస్ ప్లేటు చూడండి. దాన్ని పట్టి ఉంచే యాంకర్ బోల్టు స్లాబు కాంక్రీటులోకి దిగిందా, నీరు జారే వాటం కోసం వేసిన సిమెంటు పూతలోనే ఆగిందా? పూతలో ఆగితే షెడ్డు కాళ్లతో సహా లేస్తుంది. పిట్టగోడకు బిగించిన పైపు ఆ గోడనూ లాక్కుపోతుంది.

రేకుల మీద ఇసుక బస్తాలు పెట్టి ధైర్యంగా ఉండేవాళ్లున్నారు. పది అడుగుల రేకును పైకి లాగే బలం నాలుగు వందల కిలోలు దాటొచ్చు. బస్తా బరువు యాభై. బాగుచేయించే వ్యవధి లేకపోతే రేకులు విప్పి, కట్టగట్టి మెట్ల గదిలో పెట్టడమే దారి. తుపాను అలర్ట్ సుమారు 48 గంటల ముందు వస్తుంది. ఈదురుగాలి మొదలయ్యాక నిచ్చెన ఎక్కకూడదు.

వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు ఖాళీగా ఉంటే గాలికి దొర్లే డబ్బా, నింపితే టన్ను బరువు. అన్నీ నింపి మూతలు బిగించండి. కరెంటు పోయాక ఆ నీళ్లే దిక్కు. వాననీటి జాలీల్లో ఆకులు తీయండి. పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే చదరపు మీటరుకు వంద కిలోల అదనపు బరువు. భూకంపం ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 2001 భుజ్ భూకంపానికి అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లలో చాలా మటుకు కింద పార్కింగ్ కోసం గోడలు లేకుండా స్తంభాల మీద నిలిపినవే. మనవీ అలాంటివే. రెండో జోనే కదా అని డిజైనులో లేని ట్యాంకులూ పెంట్‌హౌసులూ నెత్తికెక్కించకండి.

కిటికీ అద్దానికి టేపు అంటిస్తే బలం రాదు. గాలి ఒత్తిడి తగ్గుతుందని ఎదురు కిటికీ తెరవడం మరీ ప్రమాదం, లోపలికి దూరిన గాలి పైకప్పునూ తలుపులనూ బయటికి నెడుతుంది.

జపాన్ నుంచి తీసుకోవాల్సింది భయం కాదు, తేదీ. 1923 సెప్టెంబరు 1న మధ్యాహ్నం వంటల వేళ టోక్యో ప్రాంతంలో భూకంపం వచ్చింది. దగ్గర్లో పోతున్న తుపాను గాలికి మంటలు వ్యాపించి లక్ష మందికి పైగా చనిపోయారు. 1959 ఇసే బే తుపాను ఐదు వేల మందిని మింగాక, మరుసటి ఏడాది నుంచి సెప్టెంబరు 1ని విపత్తు నివారణ దినంగా పెట్టుకుని దేశమంతా డ్రిల్లు చేస్తున్నారు. అయినా 2019లో టోక్యో పక్కనున్న చిబాను తాకిన తుపానుకు గోల్ఫ్ ప్రాక్టీసు మైదానం వల కట్టిన ఇనుప స్తంభాలు ఇళ్ల మీద పడ్డాయి. చుట్టూ ఉన్న తాత్కాలిక కట్టడాలను వాళ్లే మరిచిపోతే మన హోర్డింగుల మాట చెప్పక్కర్లేదు. మన ప్రమాదకాలం అక్టోబరు, నవంబరు. సెప్టెంబరు చివరి ఆదివారం ప్రతి అసోసియేషన్ స్పానరు, సుత్తి పట్టుకుని పైకెళితే సగం పని అయిపోతుంది.

మీకూ ఒక విన్నపం. ‘విశాఖ పోర్టులో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక’ అని వేసి వదిలేస్తున్నారు. ఆ నంబర్లు ఓడల కోసం. 8కీ 9కీ తేడా తీవ్రత కాదు, దిక్కు. తీవ్ర తుపాను పోర్టును తన దారికి ఎడమ పక్కన వదిలి పోతుందంటే 8, కుడి పక్కనైతే 9. పడమటికి వచ్చే తుపాను కాకినాడ వైపు తీరం దాటితే మనం కుడి పక్కన పడతాం. గాలి సముద్రం మీంచి ఒడ్డుకు కొడుతుంది, తుపాను నడక వేగం దానికి తోడవుతుంది, ఉప్పెన ముప్పూ అటే. కళింగపట్నం వైపు దాటితే మనది ఎడమ పక్క, కాస్త నయం. 10 అంటే పోర్టు మీదుగానో, దాన్ని ఆనుకునో. కన్ను మన మీదికొస్తే గాలి కాసేపు ఆగి, ఎదురు దిక్కు నుంచి మళ్లీ అందుకుంటుంది. హుద్‌హుద్‌లో జరిగింది అదే. నంబరు పక్కన గాలి వేగం, ఏ దిక్కు నుంచి, ఏ గంటకు, మనం తుపానుకు ఏ పక్కన అన్న నాలుగు ముక్కలు చిన్న పెట్టెలో కట్టి మొదటి పేజీలో వేయండి.

– ఒక స్ట్రక్చరల్ ఇంజినీరు, విశాఖపట్నం