డబ్బులు చెవి దగ్గర పెట్టు

రాజమహేంద్రవరం

చిరంజీవి కార్తీక్‌కు,

అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. పాటలు వినడానికి కొనాలనుకుంటూ నువ్వు పంపిన లింకులన్నీ తెరిచి చూశాను. హెడ్‌ఫోన్ పద్నాలుగు వేలు, ఫోన్‌కీ హెడ్‌ఫోన్‌కీ మధ్య పెట్టే డాక్ తొమ్మిది వేలు, వైరు మూడు వేలు. వైరు మూడు వేలేమిట్రా! ఫోన్‌లో చెబుదామంటే రెండో మాటకే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. స్టైపెండ్‌లోంచి ఆరు వేలు పక్కన పెట్టానన్నావు కదా, ఆ ఆరు వేలు చాలు. అందులో కొంత మిగులుతుంది కూడా.

ఫైలులో ఉన్న పాట నీ చెవికి చేరేలోపు రెండు మార్పులు జరగాలి. అంకెలు కరెంటు కావాలి, కరెంటు గాలిలో కదలిక కావాలి. మొదటిది చేసేది డాక్. ఆ పని ఇవాళ గోరంత చిప్పు కూడా చక్కగా చేసేస్తోంది. రెండోది చేసేది ఇయర్‌ఫోన్‌లో కంపించే పల్చటి పొర, డయాఫ్రమ్. అసలు కష్టమంతా అక్కడే. రెండు మంచి డాక్‌లను కొలిచి చూస్తే తేడా మన చెవికి అందదు. అదే రెండు ఇయర్‌ఫోన్లను కొలిస్తే కొన్ని ఫ్రీక్వెన్సీల (స్వరాల ఎత్తుల) దగ్గర పది డెసిబెల్స్ తేడా కూడా కనిపిస్తుంది. డెసిబెల్ అంటే ధ్వని గట్టితనానికి కొలత. అందుకే చెవికి దగ్గరగా ఉండే వస్తువు మీద ముందు ఖర్చు పెట్టమంటున్నాను. అలాగని ధర ఎక్కువైతే ధ్వని బాగుంటుందనీ కాదు. యెరూన్ బ్రేబార్ట్ అనే పరిశోధకుడు 2017లో 283 హెడ్‌ఫోన్ల కొలతలు తీసుకుని వాటి ధరలతో పోల్చి చూశాడు. ఏ స్వరం ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కీ ధరకీ సంబంధమే కనబడలేదు.

నువ్వు ముచ్చటపడ్డ ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్ మంచి వస్తువే, కాదనను. వెనక మూత లేకుండా జాలీ ఉంటుంది కాబట్టి పాట తల లోపల ఇరుక్కున్నట్టు కాకుండా విశాలంగా వినిపిస్తుంది. కానీ ముగ్గురు పిల్లలున్న హాస్టల్ గదిలో నీ పాట వాళ్లకీ, వాళ్ల కబుర్లు నీకూ వినిపిస్తాయి. పైన ఫ్యాను గోల సరేసరి. సొంత గది వచ్చాక కొనుక్కుందువు.

ఇప్పటికి నీకు సరిపోయేవి చెవిలోకి దూర్చుకునే ఐఈఎంలు. పదేళ్ల క్రితం పదివేలు పోస్తేగానీ దొరకని నాణ్యతను చైనా కంపెనీలు పోటీపడి రెండువేలకి దింపేశాయి. మూన్‌డ్రాప్ చు 2, సెవెన్‌హెర్ట్జ్ సాల్‌నోట్స్ జీరో 2 ఈ రెండిట్లో ఏదో ఒకటి తీసుకో. రెండూ రెండువేలకి అటూ ఇటూగా దొరుకుతాయి. రెండిటికీ వైరు ఊడి వస్తుంది. అది చాలా ముఖ్యం, ఎందుకంటే ఇయర్‌ఫోన్లలో ముందు చచ్చేది జాక్ దగ్గర వైరే. కొత్త వైరు కొని గుచ్చుకుంటే సరిపోతుంది. నన్నడిగితే జీరో 2 తీసుకోమంటాను. నువ్వు వినేవాటిలో సినిమా పాటలే ఎక్కువ కదా, దాంట్లో బేస్ కొంచెం నిండుగా ఉంటుంది.

కొన్నాక మొదటిసారి పెట్టుకుని "అమ్మా, బేస్ అస్సలు లేదు, మోసపోయాం" అంటావు, చూడు. దానికి కారణం నూటికి తొంభై పాళ్లు రబ్బరు టిప్పే అవుతుంది. చెవిరంధ్రం గాలి దూరకుండా మూసుకోకపోతే కింది స్వరాలన్నీ ఆ సందులోంచి జారిపోతాయి. డబ్బాలో వచ్చే మూడు సైజులూ ఓపిగ్గా మార్చి చూడు. ఎడమ చెవికి ఒక సైజు, కుడి చెవికి ఇంకో సైజు పట్టినా ఆశ్చర్యపోకు, చాలామందికి అంతే. వైరు చెవి పైనుంచి వెనక్కి తిప్పి పెట్టుకోవాలి. ఏదీ కుదరకపోతే మూడు నాలుగు వందలు పెట్టి ఫోమ్ టిప్పులు కొను. మెత్తగా నలిపి లోపల పెడితే అవే ఉబ్బి సందు మూసేస్తాయి. వారానికోసారి మూతి దగ్గర జాలీని మెత్తటి బ్రష్‌తో తుడువు. గులిమి పట్టిందంటే ఒక పక్క సౌండు తగ్గిపోతుంది, నువ్వేమో ఇయర్‌ఫోన్ పాడైందని పారేస్తావు.

ఇక డాక్ సంగతి. నీ ల్యాప్‌టాప్‌కి 3.5 ఎంఎం జాక్ ఉంది కాబట్టి అక్కడ ఏమీ కొనక్కర్లేదు, గరగర వినిపిస్తే తప్ప. ఫోన్‌కి జాక్ లేదు, దానికి టైప్-సిలో గుచ్చితే జాక్ ఇచ్చే చిన్న ముక్క, డాంగిల్ కావాలి. సెల్ షాపులో నూట యాభైకి ఇచ్చేవాటిలో కొన్నిటిలోపల డాక్ ఉండదు, ఉత్త వైర్లే ఉంటాయి. ఫోన్ తన లోపలి డాక్ నుంచి టైప్-సి గుండా ఆడియో పంపిస్తేనే అవి పనిచేస్తాయి, చాలా ఫోన్లు పంపవు. డాక్ ఉన్నదేనని అడిగి కొను. ఆపిల్ వాళ్ల డాంగిల్ చూడ్డానికి చిన్నదే అయినా కొలతల్లో పెద్ద పెద్ద డబ్బాలకి తీసిపోదు, వెయ్యి రూపాయల దరిదాపుల్లో వస్తుంది. చిక్కల్లా, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని సౌండు తక్కువగా వస్తుంది. స్నేహితుడి దగ్గరుంటే నీ ఫోన్‌కి ఒకసారి పెట్టి చూసి, అప్పుడు కొను.

సౌండు పెంచే యాంప్లిఫయర్ కూడా వద్దు. ఎందుకో నువ్వే లెక్క వేసుకో, ఇంజనీరింగ్ చదువుతున్నావుగా. జీరో 2 లాంటివాటికి ఒక వోల్టు ఇస్తే 108 డెసిబెల్స్ వస్తుంది. చిన్న డాంగిల్ అర వోల్టే ఇస్తుందనుకుందాం. వోల్టేజి సగమైతే తగ్గేది ఆరు డెసిబెల్సే కాబట్టి ఇంకా 102 ఉంటుంది. రోడ్డు పనుల్లో డ్రిల్లింగ్ మెషిన్ పక్కన నిలబడినంత రొద అది. అంతకు మించి ఏం చేసుకుంటావు? ఎక్కువ వోల్టేజి అడిగే 300 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కొన్న రోజున యాంప్లిఫయర్ గురించి మాట్లాడుకుందాం.

డెసిబెల్స్ మాట వచ్చింది కాబట్టి ఇది కాస్త శ్రద్ధగా చదువు. పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ టైము సగమైపోతుంది. 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. బస్సులో ఇంజను మోత మీద పాట వినబడాలని పెంచుకుంటూ పోతే 89 దాటడం ఎంతసేపు? లోపలి చెవిలో ఉండే రోమకణాలు ఒకసారి చచ్చిపోతే మనుషులకు మళ్లీ మొలవవు. టిప్పు సరిగ్గా కూర్చుంటే బయటి రొద తగ్గుతుంది, తక్కువ వాల్యూమ్‌లోనే హాయిగా వినొచ్చు. ఇంతసేపు టిప్పుల గురించి చంపింది అందుక్కూడా.

సీడీని మించిన నాణ్యత అంటూ హై-రెస్, 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ అని నువ్వు రాసిందంతా చదివాను. సీడీలో సెకనుకి 44,100 సాంపిల్స్, అంటే ధ్వని కొలతలు ఉంటాయి. సాంప్లింగ్ సిద్ధాంతం ప్రకారం అది 22,050 హెర్ట్జ్ దాకా మొత్తం ధ్వనిని పట్టేస్తుంది. మనిషి చెవి చిన్నతనంలోనే 20,000 దగ్గర ఆగిపోతుంది, నా వయసుకి ఇంకా కిందికి దిగిపోతుంది. సీడీలోని 16 బిట్లంటే అతి సన్నని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య 96 డెసిబెల్స్ విస్తృతి. మీ గదిలో ఫ్యాను ఒక్కటే దాని అడుగు భాగాన్ని మింగేస్తుంది. కాబట్టి సీడీ నాణ్యత దాటి వినడానికి పైసా ఖర్చు పెట్టకు. 320 కేబీపీఎస్ ఎంపీ3కీ, ఏదీ వదలకుండా దాచే ఫ్లాక్ ఫైలుకీ తేడా తెలుస్తోందని నువ్వంటే నమ్మను, ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ పరీక్ష పెట్టుకుని నెగ్గి చూపించు. అది ఉచితమే. పేరు కనబడకుండా రెండు ఫైళ్లూ వినిపించి ఏది ఏదో చెప్పమంటుంది. ఒకటే షరతు, రెండిటి సౌండూ సమానంగా ఉండాలి. ఇసుమంత గట్టిగా వినిపించినదే మంచిదనిపించడం మనిషి చెవికున్న బలహీనత. షోరూముల్లో గట్టిగా పెట్టి వినిపిస్తే నమ్మేసేది అందుకే.

మరి ఫ్లాక్ ఎందుకంటావా? దాచుకోవడానికి. అందులో ఏదీ పోదు, రేపు ఏ రూపంలోకి కావాలంటే ఆ రూపంలోకి మార్చుకోవచ్చు. ఐదు నిమిషాల పాటకి 30 ఎంబీ అటూ ఇటూ అవుతుంది, అంతే. కానీ ఊరూ పేరూ లేని సైట్ల నుంచి ఫ్లాక్ అని దింపుకునేవాటిని నమ్మకు, 128 కేబీపీఎస్ ఎంపీ3నే మార్చి పెట్టినవి బోలెడు. నీళ్లు కలిపిన పాలు వెండి గిన్నెలో పోసినంత మాత్రాన చిక్కబడవు. పాటలో ఏ స్వరాలున్నాయో బొమ్మగా చూపించే స్పెక్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైలు తెరిచి చూడు. 16 కిలోహెర్ట్జ్ పైన కత్తిరించినట్టు ఖాళీగా ఉంటే అనుమానించు. మరీ పాత రికార్డింగుల్లో అక్కడ మామూలుగానే ఏమీ ఉండదనుకో. అవి మోనో, కాస్త బుసబుస కూడా ఉంటుంది. వాటిని అలాగే వినాలి.

స్వరాల పాళ్లు మార్చే ఈక్వలైజర్ వాడటం నామోషీ అనుకోకు. ఆడియో పరికరాలు చేసే హార్మన్ సంస్థలో షాన్ ఆలివ్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి జనాన్ని కూర్చోబెట్టి, ఎలాంటి ధ్వని ఎక్కువమందికి నచ్చుతుందో పరీక్షించి ఒక వక్రరేఖ గీశారు. ఆటోఈక్యూ అనే ప్రాజెక్టులో వేల ఇయర్‌ఫోన్లను అలాంటి రేఖల దగ్గరికి తెచ్చే సెట్టింగులు ఉచితంగా ఉన్నాయి. ఫోన్లో వేవ్‌లెట్, విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ పెట్టుకుని నీ మోడల్ సెట్టింగు ఎక్కించు. మొత్తం సౌండును ముందే తగ్గించే ప్రీయాంప్ మైనస్‌లో ఉంచడం మరిచిపోకు, లేకపోతే గట్టి చోట్ల పాట చీలిపోతుంది.

పరీక్షించడానికి కర్ణాటక కచేరీ ఒకటి పెట్టు. నేను వీణ నేర్చుకున్నదాన్ని కాబట్టి పక్షపాతం అనుకున్నా సరే. మృదంగం ఎడమ మూతకి రవ్వముద్ద అంటించేది గంభీరమైన నాదం కోసం. ఆ దెబ్బ దబ్‌మని అక్కడే ఆగిపోతే బేస్ సరిగా లేనట్టు, పక్కనున్న గొంతు మీదికి ఎక్కి కప్పేస్తే మరీ ఎక్కువైనట్టు. తంబురా పాట వెనక సన్నగా చివరిదాకా వినబడాలి. పై స్థాయిలో వయొలిన్ చెవిలో గుచ్చకూడదు. ఈ మూడూ కుదిరితే నీ సినిమా పాటలు వాటంతట అవే కుదురుతాయి.

ఇయర్‌ఫోన్ రెండు వేలు, డాంగిల్ వెయ్యి, టిప్పులు నాలుగు వందలు. మిగిలిన రెండున్నర వేలూ పాటల మీద పెట్టు. సీడీలు కొనుక్కో, లేదా ఆపిల్ మ్యూజిక్‌లో విద్యార్థుల ప్లాన్ తీసుకో. అందులో 2021 నుంచి లాస్‌లెస్‌కి, అంటే ఏదీ పోని పాటకి, అదనంగా తీసుకోవడం లేదు. బ్లూటూత్ బడ్స్ మాత్రం ఇప్పుడు వద్దు. చిన్న బ్యాటరీ రెండు మూడేళ్లలో నీరసపడితే చాలావాటిలో మార్చే వీలుండదు, మొత్తం పారేయాల్సిందే.

ఇంట్లో ఉన్న కచేరీ సీడీలన్నీ పాత డెస్క్‌టాప్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాంతో ఫ్లాక్‌లోకి తీస్తున్నాను. వచ్చే శనివారం అక్క హనుమకొండ వస్తోంది, పెన్‌డ్రైవ్ తనతో పంపిస్తాను. కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ వెనక్కి ఇచ్చెయ్యి, అది మా కాలేజీది. మావయ్య ఫోన్ చేస్తే మాత్రం వైరు సంగతి ఎత్తకు. వెండి పూత వైరు ఒకటి కొన్నాడు, దానివల్ల గొంతులో తీపి పెరిగిందట. మీటరు పొడవు వైరుకి రెసిస్టెన్స్ ఎంతుంటుందిరా అన్నయ్యా అని నేనడిగిన దగ్గర్నుంచి నాతో ముభావంగా ఉన్నాడు.

వేళకి తిను.

ఇట్లు,
అమ్మ