తాళం వేసిన ల్యాబ్‌లో తయారయ్యేది దుమ్మే

ఎడిటర్ గారికి,

బడుల్లో, ఇంజినీరింగ్ కాలేజీల్లో మేకర్‌స్పేస్ (పిల్లలు తమ చేతులతో వస్తువులు తయారుచేసే ల్యాబ్) తెరిచిన రోజు ఫొటోలో త్రీడీ ప్రింటర్ తప్పకుండా ఉంటుంది. కొన్నాళ్లకు దాని మీద గుడ్డ కప్పేస్తారు. కరిగిన ప్లాస్టిక్ బయటికొచ్చే మొన, అంటే నాజిల్, మూసుకుపోయి ఉంటుంది, లేదా ప్రింటర్ వాడే ప్లాస్టిక్ తీగ, అంటే ఫిలమెంట్, అయిపోయి ఉంటుంది. బడుల్లో పెట్టే ఇలాంటి అటల్ టింకరింగ్ ల్యాబ్‌కు కేంద్రం మంజూరు చేసే 20 లక్షల్లో 10 లక్షలు ఏర్పాటుకైతే, తక్కిన 10 లక్షలు ఐదేళ్ల నిర్వహణకు. సగం డబ్బు అలా ఎందుకు పక్కన పెట్టారో చాలామంది హెడ్‌మాస్టర్లు పట్టించుకోరు.

ఒక్క ఉదాహరణ చాలు. నీళ్ల ట్యాంకు నిండితే మోగే అలారం మన నగరంలో పిల్లలకు ఇట్టే తట్టే ప్రాజెక్టు. రెండు రాగి తీగలు నీళ్లలో వేలాడదీసి 5 వోల్టులు ఇస్తారు. ఆ రోజుకు బాగానే మోగుతుంది. కరెంటు ఆగకుండా పారుతుంటే ప్లస్ వైపు తీగ కరిగి పచ్చబడి సన్నబడుతుంది. లవణాలు ఎక్కువుండే బోరు నీళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. తీగల బదులు స్టెయిన్‌లెస్ స్టీలు మరలు పెట్టి, రీడింగ్ తీసే కొద్ది మిల్లీసెకన్లు మాత్రమే వోల్టేజీ ఇస్తే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

తర్వాత శబ్ద తరంగాలతో నీటి దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ మీదికి వెళ్తారు. చవకగా దొరికే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 రకం ట్యాంకు మూత కింద చెమ్మ పట్టి పాడవుతుంది. వాటర్‌ప్రూఫ్ రకం తెస్తే అది సుమారు 25 సెంటీమీటర్ల లోపు దూరాన్ని కొలవలేదు. అందుకే ట్యాంకు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టానికి కనీసం 30 సెంటీమీటర్ల పైన బిగించాలి. రీడింగులు తీసుకునే చిన్న కంప్యూటర్‌గా ఈఎస్‌పీ32 బోర్డు వాడితే ఇంకో చిక్కు: సెన్సర్ ఎకో పిన్ (కొలతను బయటికి పంపే కాలు) ఇచ్చేది 5 వోల్టులు, బోర్డు తట్టుకునేది 3.3 వోల్టులు. మధ్యలో ఒక కిలోఓమ్, రెండు కిలోఓమ్‌ల రెసిస్టర్లతో వోల్టేజీని తగ్గించే డివైడర్ వేయాలి. మోటారును ఆన్, ఆఫ్ చేసే 230 వోల్టుల పని మాత్రం ఎలక్ట్రీషియన్‌దే, పిల్లలది కాదు.

సెన్సర్‌ను పట్టి ఉంచే బిళ్లను పీఎల్‌ఏతో ప్రింట్ చేస్తే, 60 డిగ్రీల దగ్గర మెత్తబడే ఆ ప్లాస్టిక్ మే నెల ఎండలో డాబా మీద వంగిపోతుంది. పీఈటీజీ అనే ఇంకో ప్లాస్టిక్ కాస్త నయం. నిజానికి 4 అంగుళాల పీవీసీ పైపు మూతకు రంధ్రం వేస్తే ప్రింటర్ జోలికే పోనక్కర్లేదు. ఆ రంధ్రాన్ని లేజర్ కట్టర్‌తో మాత్రం వేయకూడదు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకు, యంత్రానికి రెండింటికీ చేటు. ఆ పని డ్రిల్‌దే.

ఇన్ని మెట్లు ఎక్కాక తయారయ్యే నాలుగో నమూనాలోనే పిల్లవాడి సొంత ఆలోచన కనిపిస్తుంది. మొదటిది ఎవరైనా వీడియో చూసి చేసేస్తారు. చేనేతలో చీర నూలును ఆసు పోసే పనికి చింతకింది మల్లేశం గారు కనిపెట్టిన ఆసు యంత్రానికి 1992 నుంచి 1999 దాకా పట్టింది. మన ల్యాబ్‌ల టైమ్‌టేబుల్ వారానికి ఒక పీరియడ్.

యంత్రాలు మూలపడటానికి మామూలు కారణాలు కూడా ఉన్నాయి. వానాకాలంలో ఫిలమెంట్ తేమ పీల్చుకుంటుంది. నాజిల్ దగ్గర చిటపటమని చప్పుడు, వస్తువు మీద బూజులాంటి దారాలు కనిపిస్తే గుర్తు పట్టాలి. 45–50 డిగ్రీల్లో నాలుగైదు గంటలు ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన గట్టి డబ్బాలో ఉంచాలి. మొదటి పొర అంటుకోకపోతే బెడ్‌కు (వస్తువు తయారయ్యే పలకకు), నాజిల్‌కు మధ్య ఏ4 కాగితం కొద్దిగా రాసుకుంటూ కదిలేలా ఎత్తు సరిచేయాలి, పైనున్న సీలింగ్ ఫ్యాను ఆపాలి. ఇవేవీ ఇంజినీరు రావాల్సిన పనులు కావు.

రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన ప్రభుత్వ నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్‌లో పెద్ద యంత్రాలున్నాయి, మంచిదే. అయితే ఉప్పల్‌లో ఎనిమిదో తరగతి పిల్లకు కావాల్సింది ఈ సాయంత్రం ఒక రెసిస్టర్. ఎలక్ట్రానిక్ సామాను దొరికే కోఠి గుజరాతీ గల్లీలో అది చిల్లర ఖర్చు. వంద రూపాయలు దాటని సామానుకు కూడా మూడు కొటేషన్లు అడిగే పద్ధతి ఉన్నచోట ప్రాజెక్టు నెల తిరిగేదాకా ఆగిపోతుంది.

అందుకని విద్యాశాఖకు మా విన్నపం: ల్యాబ్ చూసే టీచరు చేతికి నెలకు మూడు వేలు చిల్లర ఖాతాగా ఇవ్వండి, బిల్లులు నెలాఖరుకు చూసుకోవచ్చు. బడి వదిలాక రెండు గంటలు ల్యాబ్ తెరిచి ఉంచేలా, టంకం వేయడం వచ్చిన ఐటీఐ కుర్రాడిని ఒకరిని పెట్టండి. చెడిపోయిన నమూనాలను పారేయకుండా, ఎందుకు చెడిందో ఒక్క వాక్యం రాసిన చీటీ కట్టి అలమరలో పెట్టించండి. తాళంచెవి ప్రిన్సిపాల్ గదిలో ఉంటే ఇవేవీ జరగవు.

– మేకర్‌స్పేస్ శిక్షకులు, తార్నాక, హైదరాబాద్