నీ బకెట్ సీటు నాకొద్దురా మామా

హైదరాబాద్,
ఆదివారం పొద్దున

ఒరేయ్ మామా,

నీ రేసు కారు బకెట్ సీటు, ఒంటిని రెండు వైపులా పట్టి ఉంచే ఆ లోతు సీటు, నాకిస్తానని ఫోటో పంపి పది రోజులైనా నేను జవాబివ్వలేదని అలిగావట. మీ ఆవిడ మా ఆవిడకు చెప్పింది, మా ఆవిడ నాకు వడ్డీతో సహా చెప్పింది. ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, నీతో ఫోన్లో సంగతి నాకు తెలుసు. నేను రెండో మాట మాట్లాడకముందే "సరే సరే, పార్సిల్ వేసేస్తున్నా" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. ఇందులో నువ్వు అడ్డం పడే వీల్లేదు.

సీటు గొడవ అసలెక్కడ మొదలైందో చెప్తాను. నా పోర్షె కేమన్ 2014 మోడల్ కదా, నాకంటే ముందు ఇద్దరి చేతులు మారింది. ముగ్గురం కలిసి డ్రైవర్ సీటు కుడి అంచును చంపేశాం. కారు నేలకు అంత దగ్గరగా ఉంటే మనిషి ఏం చేస్తాడు? ముందు తలుపు వైపు అంచు మీద కూలబడి, అక్కణ్ణించి లోపలికి జారతాడు. పదేళ్లు రోజుకు నాలుగుసార్లు అలా జారితే ఏ ఫోమైనా పిండైపోతుంది. ఊళ్లో తిరిగినంత కాలం నాకది తెలియలేదు. మొన్న కార్తీకమాసంలో శ్రీశైలం వెళ్లాం. మన్ననూరు చెక్‌పోస్టు పొద్దున ఆరింటికి తెరవగానే బయల్దేరాం. అది పులుల అడవి, అక్కడ వేగంగా పోయిందేమీ లేదు. కానీ దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో ఎడమ మలుపు వచ్చిన ప్రతిసారీ నా ఒళ్లు కుడివైపు తలుపు మీదికి ఒరిగిపోయింది. మోకాలితో తలుపును తన్నిపట్టి, స్టీరింగ్‌ను పట్టుకుని వేలాడుతూ నడిపాను. కిందికి దిగేసరికి అరచేతులు తడిసిపోయాయి, భుజాలు పట్టేశాయి. స్టీరింగ్ ఉన్నది కారును తిప్పడానికి, నేను పడిపోకుండా పట్టుకోవడానికి కాదు. ఒంటిని పట్టుకోవాల్సింది సీటు. ఆ పని అది మానేసిందని ఆ రోజే తెలిసింది.

సరిగ్గా అప్పుడే నీ ఫోటో వచ్చింది. ఎర్ర సీటు, తలకు రెండు వైపులా రెక్కలు, బెల్టుల కోసం అయిదు కన్నాలు. నిజం చెప్తున్నా మామా, నోరూరింది. రాత్రి ఒంటిగంట దాకా అదే చూస్తూ పడుకున్నాను. మర్నాడు పొద్దున దాని మీది లేబుల్ పెద్దది చేసి చూశాను. ఎఫ్ఐఏ 8855-1999, అంటే ప్రపంచ కారు రేసుల సంఘం వాళ్ల ముద్ర. తయారైంది 2017. ఆ రకం సీటుకు అయిదేళ్లే గడువని నాకంటే నీకే బాగా తెలుసు. తర్వాత వచ్చిన 8862-2009 రకానికైతే పదేళ్లు. గడువు రేసులకే గానీ రోడ్డు మీద ఎవడడుగుతాడంటావు. ఎవడూ అడగడు. కానీ రెండేళ్ల కిందట చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌లో టైర్ల గోడను ముద్దుపెట్టుకుంది నువ్వే కదా? ఆ రోజు నువ్వు కూర్చున్నది ఈ సీట్లోనే. ఫైబర్‌గ్లాస్‌లో పగులు గుడ్డ కింద దాక్కుంటే పైకి ఏమీ కనబడదు.

అయినా ఆశ చావలేదనుకో. ఆఫీసులో ఒకాయన హ్యాచ్‌బ్యాక్‌కి ఇలాంటిదే బిగించుకున్నాడని తెలిసి, ఒక సాయంత్రం గచ్చిబౌలి నుంచి సికింద్రాబాద్ దాకా నేను నడుపుతానని బతిమాలాను. గంటా నలభై నిమిషాలు. మొదటి పది నిమిషాలు స్వర్గం. ఒంటికి అతుక్కుపోయింది, ఫ్లైఓవర్ మలుపులో ఇసుమంత కదల్లేదు. తర్వాత ప్యాంటు జేబులో ఫోన్ మోగింది. తియ్యలేను. పర్సు పిరుదు కింద ఇటుకలా గుచ్చుకుంది. పక్క రోడ్డు నుంచి వచ్చి కలిసే చోట తల తిప్పి చూద్దామంటే రెక్క అడ్డం. మన ఊళ్లో బైకులు ఏ సందులోంచి దూరతాయో నీకు తెలుసు, అద్దం ఒక్కదాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు. బేగంపేట వచ్చేసరికి నడుం ఎడమవైపు లాగడం మొదలైంది. దిగాక తొంగి చూస్తే, బ్రాకెట్లు కుదరక సీటును స్టీరింగ్‌కు ఎదురుగా కాకుండా అంగుళం పక్కకు బిగించారు. అంటే ఆయన రోజూ ఒళ్లు మెలి తిప్పుకుని నడుపుతున్నాడు. నేను చెప్పేదాకా ఆయన ఆఫీసు కుర్చీని తిట్టుకుంటున్నాడు పాపం!

ఇంటికొచ్చి నువ్వు చెప్పిన కొలత తీశాను. గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని, తొడలకు రెండు వైపులా రెండు లావాటి పుస్తకాలు నిలబెట్టి, మధ్య దూరం టేపుతో. నలభై రెండు సెంటీమీటర్లు. నువ్వు రాసిన నీ సీటు లోపలి వెడల్పు కంటే ఇది మూడు ఎక్కువ. మా ఆవిడ టేపు పట్టుకుని నవ్వీ నవ్వీ మంచమ్మీద పడింది. హాస్టల్లో నన్ను బక్కోడా అని పిలిచేవాళ్లని చెబితే ఇప్పటికీ నమ్మదు.

ఇవన్నీ చిల్లర కష్టాలే. నాకు నిజంగా భయం వేసింది వేరే చోట. మన కార్లో సీటంటే కుర్చీ ఒక్కటే కాదురా. పక్క ఎయిర్‌బ్యాగ్ ఆ సీటు వీపులోనే కుట్టి ఉంటుంది. బెల్టు బకిల్ ఆ సీటు ఫ్రేముకే బిగించి ఉంటుంది. గుద్దుకోగానే బెల్టును లాగి బిగించే టెన్షనర్, పక్క ఎయిర్‌బ్యాగ్, ముందు ఎయిర్‌బ్యాగ్, ఇవన్నీ ఒకదాన్ని ఒకటి నమ్ముకుని పనిచేస్తాయి. సీటు పీకేస్తే డ్యాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతుంది. దానికి మన వాళ్ల మందు, కనెక్టర్‌లో ఒక చిన్న రెసిస్టర్ పెట్టి కంప్యూటర్‌ను బురిడీ కొట్టించడం. లైటు ఆరిపోతుంది. బ్యాగు మాత్రం షెడ్డులో మూలన పడిన పాత సీట్లో ఉంటుంది. రాణిగంజ్‌లో ఒక షాపువాడు అది గొప్ప ఉపాయంలా చెప్పాడు. అక్కణ్ణించి నేను మెల్లగా జారుకున్నాను.

ఇంకోటి. మామూలు మూడు పాయింట్ల బెల్టు నడుం ఎముక మీద, కింద ఆనాలి. బకెట్ సీటు పక్క గోడలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి బెల్టు వాటి మీదుగా వచ్చి పొట్ట మీద కూర్చుంటుంది. గట్టిగా బ్రేక్ పడితే ఆ బలమంతా మెత్తటి కడుపు మీద. "అయితే రేసు పట్టీలు, హార్నెస్ వేసుకోరా" అంటావని తెలుసు. నాలుగు పాయింట్ల హార్నెస్ వేస్తే, కాళ్ల మధ్య పట్టీ ఉండదు కాబట్టి దెబ్బకు ఒళ్లు కిందినుంచి ముందుకు జారిపోతుంది. ఆరు పాయింట్లది వేస్తే భుజాల పట్టీలు వెనక కట్టడానికి సరైన ఎత్తులో బార్ కావాలి. మొండెం కదలకుండా కట్టేశాం కాబట్టి మెడ ఊగకుండా హెల్మెట్, దాన్ని భుజాలకు కట్టిపట్టే హాన్స్ అనే కాలరు కావాలి. కారు బోల్తాపడితే టాపు కిందికొస్తుంది, నేను పక్కకు వంగలేను, కాబట్టి టాపును మోసే రోల్ కేజ్, అంటే స్టీలు గొట్టాల పంజరం, కావాలి. రోల్ కేజ్ పెడితే హెల్మెట్ లేకుండా తల దానికి తగులుతుంది. ఒక్క సీటు దగ్గర మొదలుపెడితే చివరికి రేసు కారు తేలుతుంది. మరి అందులో అమీర్‌పేటకు కూరగాయలకు వెళ్లాలంటే?

నీ కారు వేరు. అది ట్రాక్‌కు ట్రైలర్ మీద వెళ్తుంది, కేజ్ ఉంది, నెలకోసారి నడుస్తుంది. దానికి నువ్వు వేసుకున్నదంతా న్యాయం. నాకు నీ ట్రాక్ సుమారు 630 కిలోమీటర్ల దూరం. ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ స్పీడ్ బ్రేకర్లూ, మెట్రో పిల్లర్లూ, నలభై రెండు డిగ్రీల ఎండలో పార్కింగూ.

బ్రాకెట్ల సంగతి కూడా కనుక్కున్నాలే. బాలానగర్‌లో ఒకాయన ఒక్క రోజులో వెల్డింగ్ చేసిస్తానన్నాడు. శాంపిల్ చూపించమంటే కిటికీ గ్రిల్‌కు వాడే పల్చటి గొట్టం చూపించాడు. ఎఫ్ఐఏ రూల్స్‌లో సీటు సపోర్టులు స్టీలైతే కనీసం 3 మిల్లీమీటర్ల మందం, బోల్టులు కనీసం 8 మిల్లీమీటర్లు అని ఉంది కదా, అది చెప్పాను. "అవన్నీ ఫారిన్ లెక్కలు సార్" అన్నాడు. దణ్ణం పెట్టి వచ్చేశాను. ఆ పైన మార్పుల గురించి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర తంటా, మోటారు వాహనాల చట్టంలో అనుమతి లేని మార్పుకు జరిమానా. అది నీకు కొత్త కాదు కాబట్టి వదిలేస్తున్నా.

పోర్షె కంపెనీ వాళ్లే తమ జీటీ3, జీటీ4 మోడళ్లకు ఇచ్చే కార్బన్ బకెట్ సీట్లున్నాయి, వాటిలో పక్క ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంటుంది, మామూలు బెల్టుతోనే నడుస్తాయి. సరైన జవాబు అదే. కానీ వాటి ధర కనుక్కున్నాక మా ఆవిడకు చెప్పలేదు, నీకూ చెప్పను. పైగా ఒక రోజు షోరూంలో అలాంటి సీటున్న కారులో అమ్మను ఎక్కించి చూశాను. చీర, మోకాళ్ల నొప్పి, ఆ ఎత్తు గోడ. ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయింది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. "ఒరేయ్, ఇది కారా, నుయ్యా?" అంది. సేల్స్ కుర్రాడూ నేనూ చెరో చెయ్యి పట్టుకుని తీశాం. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

చివరికి ఏం చేశానంటే, ఉన్న సీటునే బాగు చేయించాను. పాతికేళ్లుగా కారు సీట్లు కుట్టే ఒక పెద్దాయన దొరికాడు. నేను రేసింగ్ సీటు గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాక తలెత్తి, "సార్, రేసులకు పోతరా, ఆఫీసుకు పోతరా? ముందుగాల అది చెప్పుండ్రి" అన్నాడు. నేను ఇంత ఉత్తరం రాసి నీకు చెబుతున్నది ఆయన ఒక్క ముక్కలో అడిగేశాడు. మెకానిక్ బ్యాటరీ తీసి, కాసేపు ఆగి, ఎయిర్‌బ్యాగ్ వైరు పసుపు కనెక్టర్ ఊడదీసి సీటు బయటికి తెచ్చాడు. కుడి అంచుకు గట్టి ఫోమ్ కొత్తది, ఎడమవైపు కొంచెం ఎత్తు పెంపు, నడుం దగ్గర వేలెడంత మందం. ఎయిర్‌బ్యాగ్ చీల్చుకుని రావాల్సిన పక్క కుట్టు ఉంటుంది చూడు, దాని జోలికి పోవద్దని నేను చెప్పబోతే, ఆయనే దాని మీద చాక్‌పీసుతో గీత గీసి పక్కన పెట్టాడు. సీటు కవర్లు తొడిగి ఆ కుట్టును మూసేసేవాళ్లను తిట్టాడు కూడా. మధ్య భాగానికి తోలు వద్దని గుడ్డ వేయించాను. మే నెలలో నా వీపుకు ఆ తేడా తెలుస్తుంది.

నిన్న తెల్లారుజామున అనంతగిరి దాకా వెళ్లొచ్చాను. బకెట్ సీటంత బిగువు లేదు, ఒప్పుకుంటాను. పదికి ఏడు. కానీ వికారాబాద్ మలుపుల్లో మోకాలు తలుపును తన్నలేదు, చేతులు తేలిగ్గా ఉన్నాయి. వచ్చేటప్పుడు ఫోన్ మోగితే బండి ఆపి జేబులోంచి తీశాను కూడా, చేసింది నువ్వే. ఉత్తరంలో చెబుదామని ఎత్తలేదు.

ఇక నీ ఎర్ర సీటు. వద్దనడం లేదు. మావాడు కంప్యూటర్‌కు స్టీరింగ్ కట్టుకుని భోజనాల గదిలోంచి తెచ్చిన కుర్చీలో కూర్చుని రేసులు ఆడుతున్నాడు. బ్రేక్ తొక్కినప్పుడల్లా కుర్చీ వెనక్కి పోయి ఫ్రిజ్‌కు కొట్టుకుంటోంది. అక్కడ గడువుతో పనిలేదు, టైర్ల గోడా లేదు, వాడు నాలా కాదు, నిజంగానే బక్కోడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు కారు వెనకాల పడేసుకుని రా. బ్రాకెట్లు మర్చిపోకు, బాలానగర్ ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లే ఓపిక నాకు లేదు. అమ్మ నీకోసం సకినాలు చేస్తానంది, చెల్లెమ్మను కాఫీ పొడి రెండు కిలోలు తెమ్మంది.

నీ బక్కోడు
(నలభై రెండు సెంటీమీటర్లు)