ఆ రెండు అంకెలనూ అలా పక్కపక్కన పెట్టకు తల్లీ

చిరంజీవి స్వాతికి,
నాన్న ఆశీస్సులు.

నీ ప్రాజెక్టు డ్రాఫ్ట్ చదివాను. సెకండరీలో చేరేవాళ్ళు కెన్యాలో 70 శాతం, ఉగాండాలో 25 శాతం, కాబట్టి ఉగాండాకు చదువు మీద శ్రద్ధ లేదు అని రాశావు. ఆ చివరి మాట కొట్టెయ్యి. ఉగాండా రాజధాని కంపాలాలో ఉంటున్నవాణ్ణి, ఇక్కడ ఫీజు కోసం తల్లిదండ్రులు పడే టెన్షన్ రోజూ చూస్తున్నాను. నాకది గుచ్చుకుంది. పైగా సెకండరీ చదువు ఉచితమని ముందు మొదలుపెట్టింది ఉగాండానే, 2007లో. కెన్యా 2008లో అందుకుంది.

అసలు లెక్క ఎలా కట్టారో చూశావా? ఉగాండాలో ప్రైమరీ ఏడేళ్ళు, సెకండరీ ఆరేళ్ళు: ఓ లెవెల్ నాలుగు, ఏ లెవెల్ రెండు. ఓ లెవెల్‌తోనే ఆగిపోయేవాళ్ళు చాలామంది. అయినా ఆ ఆఖరి రెండేళ్ళ వయసు పిల్లలంతా హారంలో ఉంటారు, శాతం కిందికి దిగిపోతుంది. కెన్యాలో పాత 8-4-4 పద్ధతిలో ప్రైమరీ ఎనిమిదేళ్ళు, సెకండరీ నాలుగేళ్ళే, ఆపైన డిగ్రీ నాలుగేళ్ళు; ఏ లెవెల్ ఉండేది కాదు. అక్కడి ప్రభుత్వం చెప్పే 70 శాతం ఆ నాలుగేళ్ళది. యునెస్కో మాత్రం కెన్యా 7, 8 తరగతులను కూడా సెకండరీ కిందే వేస్తుంది. నీ పట్టికలో ఏ అంకె ఎవరిదో రాయలేదు. అది స్థూల నమోదు శాతమని, అంటే వయసు మీరి చదివేవాళ్ళు కూడా అందులో ఉంటారని కూడా రాయాలి.

ఇవన్నీ సరిచేసినా తేడా మిగులుతుంది, అది నిజం. కెన్యా 2018 నుంచి ఎనిమిదో తరగతి పూర్తిచేసిన ప్రతి పిల్లా ఫారం వన్‌లో, అంటే సెకండరీ మొదటి ఏడాదిలో, చేరాలని పట్టుబట్టింది. చేరని పిల్లల కోసం ఊరి చీఫ్‌లు ఇళ్ళకు వెళ్ళారు. ఒక్కో విద్యార్థికి ఏడాదికి 22,244 కెన్యా షిల్లింగుల లెక్కన బడులకు ఇస్తామంది. హాస్టల్ ఖర్చు మాత్రం తల్లిదండ్రులదే.

ఉగాండాలో గండం సెకండరీకి చేరకముందే ఉంది. ఒకటో తరగతిలో చేరినవాళ్ళలో చాలామంది ఏడు దాకా రారు. వచ్చినవాళ్ళు పీఎల్ఈ, అంటే ప్రైమరీ చివర రాసే పరీక్ష, గట్టెక్కాలి. గట్టెక్కినా చాలా చోట్ల దగ్గర్లో ప్రభుత్వ సెకండరీ స్కూలు ఉండదు. ఆ లోటు తీర్చిన ప్రైవేటు బడులకు ఇచ్చే సాయాన్ని ప్రభుత్వం 2018 నుంచి ఆపుతూ వచ్చింది. ఉచితం అన్నచోట కూడా యూనిఫాం, మధ్యాహ్నం తిండి ఇంటివాళ్ళే చూసుకోవాలి. ఆపైన కరోనా. 2020 మార్చిలో మూసిన బడులు పూర్తిగా తెరిచింది 2022 జనవరిలో. మధ్యలో కొన్ని తరగతులకే కొన్నాళ్ళు తలుపులు తీశారు. ఆ రెండేళ్ళలో పెళ్ళిళ్ళయిపోయిన, పనుల్లో కుదిరిపోయిన పిల్లలు చాలామంది మళ్ళీ బడి ముఖం చూడలేదు. వాళ్ళ గురించి నీ డ్రాఫ్ట్‌లో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు బాధగా ఉంది.

ప్రైమరీ పూర్తిచేసినవాళ్ళలో ఎంతమంది సెకండరీకి వెళ్ళారో రెండు దేశాలకూ వెతుకు. ఆడపిల్లల లెక్క విడిగా తియ్యి. సబ్మిట్ చేసేముందు ఒకసారి నాకు పంపించు.

నాన్న