దేవరలు, పెళ్ళిళ్ళు: వాయిదా నిర్ణయం ఊరిదే కావాలి

అనంతపురం,
29 ఏప్రిల్ 2021.

సంపాదకులకు నమస్కారములు.

దేశంలో రోజుకు మూడు లక్షలకు పైగా కొత్త కరోనా కేసులు నమోదు కావడం మొదలై వారం దాటింది. మన రాష్ట్రంలో ఈ నెల 24 నుంచి రాత్రి కర్ఫ్యూ అమలవుతోంది. పొరుగున ఉన్న కర్ణాటక 27వ తేదీ రాత్రి నుంచి పద్నాలుగు రోజుల పాటు అత్యవసర సేవలు తప్ప దాదాపు అన్నిటినీ మూసివేసింది. ప్రభుత్వాలు చేయవలసిన పనులను, ఆలస్యంగానైనా, చేస్తున్నాయనే అనుకుందాం. అయితే మన జిల్లా పల్లెల్లో ఈ వ్యాధి రాత్రి పది గంటల తర్వాత తిరగడం లేదు. పట్టపగలు, మేళతాళాల మధ్య, విందు పంక్తుల్లో తిరుగుతున్నది. వేరుశనగ విత్తనం పడేదాకా పొలాల్లో పెద్దగా పని ఉండదు కాబట్టి పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఊరి దేవరలు (ఊరంతా కలిసి అమ్మవారికి చేసే జాతరలు) ఎండాకాలంలోనే పెట్టుకోవడం ఈ మెట్ట ప్రాంతపు ఆనవాయితీ. ఈసారి ఆ ఆనవాయితీ, రెండో విడత కరోనా ఒకే నెలలో వచ్చి పడ్డాయి.

ఈ విషయంలో వ్యక్తుల జాగ్రత్తకు ఒక హద్దు ఉందని నా అభిప్రాయం. మాస్కు పెట్టుకోవడం ఎవరికి వారు చేయగలిగిన పని. కానీ అన్న కూతురి పెళ్ళికి పోకుండా ఉండడం, మేనమామ దినాలకు ముఖం చూపించకపోవడం, ఊరంతా పొట్టేళ్ళు కోస్తున్న దేవరనాడు తన ఇంటికి మాత్రం చుట్టాలు రావద్దని చెప్పడం ఒక్క కుటుంబం ఒంటరిగా చేయగలిగినవి కావు. అలా చేసినవాణ్ణి లోభి అంటారు, పొగరుబోతు అంటారు, కొడుకు నాలుగు అక్షరాలు నేర్చుకొచ్చి బంధుత్వాలు తెంపించాడంటారు. ఆ మాట జీవితాంతం మిగిలిపోతుంది. ప్రమాదం తెలియక పోతున్నవారికంటే, తెలిసి కూడా మొహమాటానికి పోతున్నవారే ఇప్పుడు ఎక్కువ. ఇటువంటి మొహమాటాన్ని ఏ కలెక్టరు ఉత్తర్వూ తీర్చలేదు. అందరూ కలిసి ఒక్కమాట అనుకుంటేనే అది తీరుతుంది, ఎందుకంటే ఎవరూ పిలవనప్పుడు పోలేదన్న నింద ఎవరికీ రాదు.

అలా ఒక్కమాట అనుకోవడం మనకు కొత్త విద్యేమీ కాదు. దేవర ఎప్పుడు చేయాలో ఏ ఒక్క ఇల్లూ నిర్ణయించదు. పెద్దలు రచ్చకట్ట మీద కూర్చొని, అన్ని కులాలవారినీ పిలిచి, ఎవరి బాధ్యత ఏమిటో, ఎవరి ఖర్చు ఎంతో తేల్చుకొని, తర్వాతే ఊళ్ళో చాటింపు వేయిస్తారు. చాటింపు పడిన తర్వాత దాన్ని కాదనే ఇల్లు ఉండదు. వానలు లేకనో, చేతిలో డబ్బు ఆడకనో దేవరను ఒక ఏడాది నుంచి మరో ఏడాదికి నెట్టుకుంటూ వచ్చిన ఊళ్ళు కరువుకు పేరుపడిన ఈ జిల్లాలో ఎన్నో ఉన్నాయి. అమ్మవారు అలిగిందని అప్పుడెవరూ భయపడలేదు. కరువుకు వాయిదా వేసినదాన్ని మహమ్మారికి వాయిదా వేయడానికి అభ్యంతరం ఏముంటుంది? అదే రచ్చకట్ట మీద, ఈసారి మాస్కులు పెట్టుకొని, దూరదూరంగా కూర్చొని, జూన్ ఆఖరు దాకా మన ఊళ్ళో విందు లేదు, పొరుగూరి విందుకు మనం పోము అని చాటింపు వేయించాలి. పెళ్ళి ఆగకూడనిదైతే రెండు కుటుంబాలవారు పదిమందితో గుడిలో తాళి కట్టించి, అప్పగింతలు చేసుకొని, భోజనాలు మంచి రోజులకు దాచుకోవచ్చు.

తొందర ఎందుకని అడిగేవారికి లెక్కే సమాధానం. వైరస్ సోకిన తర్వాత లక్షణాలు కనిపించడానికి సగటున ఐదారు రోజులు, కొందరిలో పద్నాలుగు రోజుల వరకూ పడుతుంది. లక్షణాలు బయటపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది ఇతరులకు అంటుకుంటుంది. కాబట్టి పంక్తిలో పక్కన కూర్చున్నవారు ఆరోగ్యంగా కనిపిస్తున్నారన్న ధీమా పనికిరాదు. ఐదు రోజులకొకసారి ఒకరి నుంచి ఇద్దరికి సోకుతుందనుకుంటే, నెల తిరిగేసరికి ఆరో వరుసలో 64 మంది ఉంటారు. ఒకరి నుంచి ముగ్గురికి సోకితే అదే వరుసలో 729 మంది ఉంటారు. ఒకరి నుంచి సోకేవారి సంఖ్యను మూడు కాకుండా రెండు దగ్గర, రెండు కాకుండా ఒకటి దగ్గర ఆపగలిగేది ఇటువంటి వాయిదాలే. 1918లో ఇన్‌ఫ్లుయెంజా విషజ్వరం ప్రబలుతున్నప్పుడు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం యుద్ధ బాండ్ల ఊరేగింపును రద్దు చేయడానికి మనసొప్పక సెప్టెంబరు 28న జరిపించింది. సుమారు రెండు లక్షల మంది వచ్చారు. కొద్ది రోజుల్లోనే అక్కడి ఆసుపత్రుల్లో పడకలు నిండిపోయాయి. ఆ జ్వరమే మన దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది.

మన సీమ అనుభవమే కావాలంటే ప్లేగు ఉంది. 1896లో బొంబాయిలో బయటపడి తర్వాతి ఏళ్ళలో బళ్ళారి, అనంతపురం ప్రాంతాలకు పాకిన ఆ వ్యాధికి మందు లేని రోజుల్లో, ఎలుకలు రాలుతున్నాయని తెలియగానే ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేసి, చేలల్లో గుడిసెలు వేసుకొని, వ్యాధి సద్దుమణిగేదాకా అక్కడే ఉన్నారు. నలుగురు పోయి నలుగురు ఉండిపోతే ఆ ఉపాయం పారేది కాదు. ఇవాళ మనల్ని ఎవరూ ఇల్లు విడిచి పొమ్మనడం లేదు, ఇంట్లో ఉండమంటున్నారు.

ఊరు కలిసి నిర్ణయించడమంటే కంచె వేయడమని మాత్రం అర్థం చేసుకోకూడదు. పోయిన ఏడాది చాలా ఊళ్ళు పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డం వేసి, సొంత ఊరివాళ్ళనే బయట నిలబెట్టాయి. హిందూపురం, మడకశిర, కదిరి, కళ్యాణదుర్గం వైపు నుంచి బెంగుళూరుకు పోయి కట్టడం పనుల్లో, హోటళ్ళలో బతుకుతున్నవారు ఇప్పుడు మళ్ళీ తిరిగి వస్తున్నారు. వారిని తరిమితే దొంగచాటుగా చీకట్లో ఇల్లు చేరతారు, పరీక్షకు రారు. ఒకటి నుంచి తొమ్మిది వరకూ తరగతులు ఈ నెల 20 నుంచి మూతపడ్డాయి కనుక ప్రాథమిక పాఠశాలల గదులు ఖాళీగానే ఉన్నాయి. ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు పథకం పనులు పూర్తయిన చోట నీళ్ళు, మరుగుదొడ్లు కూడా ఉన్నాయి. వచ్చినవారికి అక్కడ వసతి ఇచ్చి, వంతులవారీగా ఇంటింటి నుంచి భోజనం పంపడం ఏ ఊరికీ మోయలేని భారం కాదు.

జ్వరం వచ్చిన ఇంటి విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. కరోనా అని తెలిస్తే కుళాయి దగ్గరికి రానివ్వరని, ఉపాధి పనికి పిలవరని భయపడి జనం టైఫాయిడ్ అని చెప్పుకుంటున్నారు. ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకొని, ఊపిరి అందని స్థితిలో జిల్లా ఆసుపత్రికి వస్తున్నారు. వీధి వెలివేస్తుందన్న భయం పోతేనే ఆరోగ్య సహాయ నంబరు 104కు ఫోను చేసేవారు పెరుగుతారు. యాభై ఇళ్ళకొక వాలంటీరు, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఉన్న వ్యవస్థ మనకు ఉంది, కానీ దాచుకున్న జ్వరాన్ని ఏ సర్వే కనిపెట్టగలదు? కూలికి పోలేని ఇంటికి ఆ పద్నాలుగు రోజులూ బియ్యం, పప్పు, పాలు ఊరు చూసుకుంటుందని ముందే చెప్పగలగాలి. దేవరకు వేసుకున్న చందాలు అందుకు బాగా సరిపోతాయి.

టీకా వస్తోంది కదా అనేవారున్నారు. నలభై ఐదు ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ తప్పక వేయించుకోవాలి. కానీ కొవిషీల్డ్ మొదటి డోసు ఇవాళ వేసుకున్నా, ఇప్పటి నిబంధన ప్రకారం ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత రెండోది, ఆపై పూర్తి రక్షణకు మరో రెండు వారాలు పడుతుంది. అప్పటికి జూన్ చివరో, జూలై మొదలో అవుతుంది. మే నెలను టీకా కాపాడలేదు.

ఫిబ్రవరిలో గెలిచిన సర్పంచులు ముందుకు రావలసిన సమయం ఇది. ఓటు వేసినవారి పెళ్ళి ఆపమనడం కష్టమేనని ఒప్పుకుంటాను. అయితే ఒక్కొక్కరి ఇంటికి పోయి వద్దనడంకంటే, గ్రామసభలో అందరి చేతా అనిపించడం వారికీ సులువు. తహసీల్దార్లు, పోలీసులు పెళ్ళిళ్ళు చేసినవారి మీద కేసులు పెట్టడానికి ముందు ఈ సభలు జరిపించడానికి సాయపడితే బాగుంటుంది.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. దేవరల వార్తలు, ఫొటోలు ప్రతి ఎండాకాలం జిల్లా పేజీల్లో పెద్దగా వేస్తారు. ఈ మే నెలలో ఆ చోటును, దేవరనో జాతరనో వాయిదా వేసుకున్న ఊళ్ళ పేర్లకు, మండలాలవారీగా, రోజూ కేటాయించగలరా? పొరుగూరు వాయిదా వేసిందని తెలిస్తే తమ ఊళ్ళో ఆ మాట ఎత్తడానికి వెనకాడుతున్న పెద్దలకు అది ఆధారమవుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం జిల్లా.