కట్టమైసమ్మ దయ్యం కాదు

ఈమధ్య తెలుగు హారర్ కథల్లో చెట్టునీ చెరువునీ కాసే గ్రామదేవతల్ని రక్తం తాగే దయ్యాలుగా చూపించడం ఎక్కువైంది. మొన్న విన్న ఒక ఆడియో కథలో కట్టమైసమ్మ అర్ధరాత్రి నీళ్లలోంచి లేచి పిల్లల్ని లాక్కుపోతుంది. మా ఊరి చెరువు తూము పక్కన, వేపచెట్టు కింద ఉన్న కట్టమైసమ్మ అంటే పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టిన మూరెడు రాయి. వానలకు చెరువు నిండితే కట్ట తెగకుండా కాచే తల్లి. ఆమెకు కొబ్బరికాయ కొట్టకుండా మావాళ్లు చేపలకు వల వెయ్యరు. ఆ కథ విన్న మా మనవడు ఈసారి బోనాలకు కట్ట దాకా రానని మొండికేశాడు. మా చిన్నప్పుడు మైసమ్మంటే మాకూ భయమే, కాకపోతే ఆ భయానికి ఒక లెక్కుండేది: తూము దగ్గర ఈతకు దిగొద్దు, కట్ట మీది చెట్టు కొట్టొద్దు. కొరివి దయ్యం కథలూ అంతే, రాత్రిపూట ఒంటరిగా పొలాల వెంట తిరగొద్దని. నిజానికి ఈ లెక్కలోనే అసలు హారర్ ఉంది, మన రచయితలకు అది కనబడటం లేదు. కల్పన వద్దనను, రక్తం తాగే దేవత కావాలంటే కొత్త పేరు పెట్టుకోండి. జనం మొక్కే పేరు వాడితే, అది ఏ ప్రాంతంలో విన్న కథో, ఎంత కల్పించారో మొదట్లోనే చెప్పాలని ప్రచురణకర్తలు, ఆడియో యాప్‌లవాళ్లు షరతు పెట్టాలి. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం గ్రామదేవతల కథల్ని పెద్దల గొంతుతోనే రికార్డు చేసి ఆన్‌లైన్‌లో అందరికీ ఉచితంగా అందించాలి.

- ఒక పాఠకుడు, సిద్దిపేట జిల్లా