ఖరగ్‌పూర్‌లో నా మొదటి ఏడాదిని గట్టెక్కించినవారికి కృతజ్ఞతలు

ఖరగ్‌పూర్ ఐఐటీలో నా మొదటి సంవత్సరం పరీక్షలు గత వారం ముగిశాయి. ఇంటికి చేరితే అమ్మ వండింది తిని పడుకోవడం తప్ప మరో పని సాగదు కనుక, పలాస రైలు ఎక్కకముందే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆగస్టు చివరలో ఒక రాత్రి పెట్టె సర్దుకుని, చదువు మానేసి వెళ్లిపోవడానికి సిద్ధపడినవాణ్ణి ఇవాళ సెలవులకు మాత్రమే ఇంటికి వెళ్తున్నానంటే, అందుకు కారకులైనవారికి నలుగురిలో కృతజ్ఞత చెప్పుకోవడం నా ధర్మం.

నిజానికి హాస్టల్ నాకు కొత్త కాదు. ఇంటర్ రెండేళ్లూ విశాఖపట్నంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలోనే ఉన్నాను. తెల్లవారుజామున గంట కొడితే లేవడం, గంట కొడితే తినడం, రాత్రి స్టడీ అవర్ అయ్యాక గంట కొడితే పడుకోవడం అలవాటైపోయి, హాస్టల్ జీవితమంటే ఇంతే కదా అన్న ధీమాతోనే ఇక్కడికి వచ్చాను. ఇక్కడ హాస్టల్‌ను హాల్ అంటారు. ఆ హాల్లో గంట లేదు. లేపేవారు లేరు, తిన్నావా అని అడిగేవారు లేరు, క్లాసుకు ఎగనామం పెడితే తలుపు బాదేవారూ లేరు. రెండేళ్లు ఒకరు నడిపిస్తే నడిచిన నాకు సొంతంగా ఒక రోజును ఎలా గడపాలో తెలియదన్న సంగతి మూడు వారాల్లో బయటపడింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం కావడం వల్ల ఇంగ్లిష్ తడబడేది, హిందీ అసలే రాదు. మెస్‌లో ఆవనూనె వాసన గిట్టక బిస్కెట్లతో పూట గడిపేవాణ్ణి. రాత్రంతా మేలుకుని పగలు పడుకునేవాణ్ణి. అమ్మ ఫోన్ చేస్తే "పప్పు బాగుందమ్మా" అని అబద్ధమాడేవాణ్ణి. మొదటి క్లాస్ టెస్టులో వచ్చిన మార్కులు ఇప్పటికీ ఇంట్లో చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ముందుగా నా రూమ్మేట్‌కు. అతనిది బీహార్‌లోని ముజఫర్‌పూర్. నా అవస్థ చూసి అతను ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. తనది మొద్దునిద్ర అనీ, అలారం మోగినా మెలకువ రాదనీ, రోజూ ఆరున్నరకు తనను లేపే బాధ్యత నేను తీసుకోవాలనీ వచ్చీరాని ఇంగ్లిష్‌లో బతిమాలాడు. ఒకరికి మాట ఇచ్చాను కదా అని నేను పెందలాడే పడుకోవడం మొదలుపెట్టాను. చిన్నప్పటి నుంచి అయిదింటికే లేచే అలవాటు అతనిదని డిసెంబరులో వాళ్ల అన్నయ్య వచ్చినప్పుడు గానీ నాకు తెలియలేదు. అన్నాళ్లూ ప్రతి ఉదయం కళ్లు మూసుకుని నా పిలుపు కోసం ఎదురుచూస్తూ పడుకున్నాడన్నమాట.

దసరా సెలవులకు ఇంటికి వెళ్లి రావడం మేలు చేస్తుందనుకున్నాను గానీ, రెండోసారి బయలుదేరడం మొదటిసారి కంటే కష్టమైంది. తిరిగి వచ్చి ముభావంగా తిరుగుతున్న రోజుల్లోనే ఖమ్మం నుంచి వచ్చిన మూడో ఏడాది అన్న ఒకరు గదికి వచ్చి, "రేపటి నుంచి ఇల్లు పనికి రా" అన్నారు. ఇల్లు అన్న మాట వినగానే నాకు దుఃఖం పొంగుకొచ్చింది. దీపావళికి హాళ్ల మధ్య జరిగే ఇల్యూమినేషన్ పోటీని ఇక్కడ అందరూ 'ఇల్లు' అంటారని ఆయన నవ్వుతూ వివరించారు. వెదురు దబ్బలతో గోడంత ఎత్తు చటాయిలు కట్టి, వాటికి వేల కొద్దీ మట్టి ప్రమిదలను తీగతో బిగించి, పండుగ రాత్రి విద్యుద్దీపాలన్నీ ఆర్పేసి వాటిని వెలిగిస్తే పురాణ దృశ్యాలు రూపుకడతాయి. నాకు అప్పగించింది తీగ చుట్టే పని. ప్రమిద అంచు కింద తీగను రెండు చుట్లు తిప్పి, మెలిపెట్టి, నూనె ఒలకకుండా మట్టంగా నిలపాలి. మొదటి రోజు ముప్పై ప్రమిదలకే వేళ్లు చీరుకుపోయాయి. వారం గడిచేసరికి నా పక్కన కూర్చున్న రాజస్థాన్ కుర్రాడితో హిందీలో పోట్లాడగలిగేంత దూరం వచ్చాను. ఇంటికి దూరంగా జరుపుకున్న తొలి దీపావళి అది. ఆ రాత్రి నేను కట్టిన వరుస ఎక్కడుందో ఫోటో తీసి, వేలితో గీత గీసి మరీ అమ్మకు పంపాను.

ఆ అన్నే ఒక ఆదివారం నన్ను సైకిల్ మీద గోల్ బజారుకు తీసుకెళ్లారు. కూరగాయల దుకాణం ముందు "ఓలమ్మా, ఇంత ధరేటి?" అన్న మాట వినపడి ఉలిక్కిపడ్డాను. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ మన శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల వారు పనుల కోసం ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డారనీ, ఈ ఊళ్లో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారనీ అంతవరకు నాకు తెలియదు. ఆ మాట అన్న పిన్నిగారి తాతగారు మందస నుంచి వచ్చారట. ఆమె పుట్టి పెరిగింది ఇక్కడే అయినా యాస మాత్రం మా ఊరిదే. మరుసటి ఆదివారం ఇంటికి పిలిచి, ఊరి నుంచి వచ్చిన పెళ్లి శుభలేఖ ఒకటి నా చేతిలో పెట్టి, "మాకు మాట్లాడడమే వచ్చు బాబూ, చదవడం రాదు, చదివి పెట్టు" అన్నారు. ముహూర్తం మొదలు బంధుమిత్రుల అభినందనల వరకు అంతా పైకి చదివాను. వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన బాబాయిగారు వరుడి ఇంటిపేరు రెండుసార్లు చదివించుకుని, తమకేమవుతాడో వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. ఆ పూట తిన్న గోంగూర పచ్చడి గురించి ఇక్కడ రాయను, రాస్తే ఆకలేస్తుంది. అప్పటి నుంచి ఆదివారం భోజనం వారింట్లోనే. వారి మనవరాలికి అక్షరాలు దిద్దించడం నా వంతు. ఇప్పటికి గుణింతాల దాకా వచ్చింది.

మెస్‌లో నా కోసం రోజూ పెరుగు కప్పు ఒకటి పక్కన పెట్టిన దాదాకూ, క్యాంపస్ కౌన్సెలింగ్ కేంద్రంలో నా విరిగిన ఇంగ్లిష్‌ను ఓపికగా విన్న మేడమ్‌గారికీ నమస్కారాలు. జూనియర్లకు ఒక మాట: కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. నేను రెండుసార్లు చేశాను. అందులో సిగ్గుపడవలసింది నాకేమీ కనిపించలేదు.

పిన్నిగారూ, మీరు అడిగిన జీడిపప్పు మా నాన్నగారు బట్టీ నుంచి నేరుగా తెస్తామన్నారు. జులైలో వచ్చేటప్పుడు రెండు కిలోలు పట్టుకొస్తాను, పెద్ద బాలశిక్ష కూడా. ఈ రెండు నెలలూ పాప చేత రోజుకొక పేజీ రాయించండి.